పెత్తనం, పెద్దరికం
డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి స్మారక ఉపన్యాసం, కురుచికుప్పం, పుదుచ్చేరి



తెలుగులో ‘పెద్ద’ అనే ఒక్క మాట నుంచి రెండు మాటలు పుట్టాయి. ఒకటి పెత్తనం, రెండోది పెద్దరికం. పెత్తనం చేస్తారు, చలాయిస్తారు. పెద్దరికం నిలబెట్టుకుంటారు. మొదటిది కుర్చీతో వస్తుంది, కుర్చీతోనే పోతుంది. రెండోది కుర్చీ లేనివాళ్లకూ ఉంటుంది, కుర్చీ దిగాక కూడా మిగులుతుంది. ఒక సంస్థను సమర్థంగా, నీతిగా నడిపే మనిషి ఎలా ఉండాలన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాలోనే ఉంది. ఆ తేడాను ఒక్కో మెట్టుగా విడదీసి చూడడం ఈ ఉపన్యాసం పని.

ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతున్నదో ఆయన జీవితమే దీనికి ఆధారం. డాక్టర్ వెంకటస్వామి 1918 అక్టోబరు 1న ఇప్పటి తూత్తుకుడి జిల్లాలోని అయన్ వడమలాపురంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. అది కోవిల్‌పట్టి చుట్టూ విస్తరించిన నల్లరేగడి సీమ. తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు శతాబ్దాల క్రితం వలస వచ్చి స్థిరపడిన నేల. ఆ వలస కథనే కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు. ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో రాసి, చివరి దశాబ్దాలు ఈ పుదుచ్చేరిలోనే గడిపి 2021లో కన్నుమూసిన రచయిత ఆయన. ‘గోపల్ల గ్రామం’ వెలువడిన 1976లోనే, మధురైలో ఒక అద్దె ఇంట్లో, పదకొండు పడకలతో వెంకటస్వామి కంటి ఆసుపత్రి తెరిచారు. దానికి ‘అరవింద్’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడికి నడక దూరంలో ఉన్న ఆశ్రమం నుంచి వెళ్లింది. 1910లో పుదుచ్చేరికి వచ్చి 1950లో ఇక్కడే కన్నుమూసిన శ్రీ అరవిందుల బోధను ఆయన జీవితాంతం వెంట ఉంచుకున్నారు.

ఇక విషయం.

1. పడవలో ఉన్న న్యాయం

కుప్పం అంటే సముద్రం ఒడ్డున జాలరుల పల్లె. ఈ తీరంలో వేటకు వెళ్లివచ్చిన పడవ లెక్క ఎలా తేలుతుందో ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. చమురు ఖర్చు తీసేస్తారు. మిగిలిన డబ్బును పడవకు ఇంత, వలకు ఇంత, మనిషికి ఇంత అని వాటాలు వేస్తారు. ఉత్తరాంధ్ర తీరంలో జట్టు పెద్దను తండేలు అంటారు. తండేలుకు మిగతావాళ్లకంటే కొంత ఎక్కువ ముట్టవచ్చు. అయినా గాలి వాలు తప్పుగా చూస్తే ముంచుకొచ్చే కెరటం ఆయన్ను వదిలిపెట్టదు. చేప పడని రోజున ఆయన ఇంట్లోనూ పొయ్యి నెమ్మదిస్తుంది. నిర్ణయం తీసుకున్నవాడూ, దాని ఫలితం అనుభవించేవాళ్లూ ఒకే పడవలో ఉండడం అంటే అదే. నాయకుణ్ని నిజాయితీగా ఉంచడానికి అంతకంటే గట్టి ఏర్పాటు లేదు.

సంస్థ పెరిగేకొద్దీ ఈ ఏర్పాటు తెగిపోతుంది. నిర్ణయం ఒకచోట, ఫలితం మరోచోట. దానికి ఉదాహరణ కోసం ఈ ఊరివాళ్లు దూరం వెళ్లనవసరం లేదు. 1980ల చివర్లో పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది మొగ దగ్గర, రేవు కోసం సముద్రంలోకి రాతికట్టలు కట్టారు. ఈ తీరం వెంబడి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. కట్ట అడ్డుపడగానే ఇసుక దక్షిణం పక్క పేరుకుంది, ఉత్తరం పక్కకు రావడం మానేసింది. కొన్నేళ్లలో పట్టణం ముందరి బీచి కరిగిపోయింది. వైతికుప్పం, కురుచికుప్పం ఒడ్డున పడవలు లాక్కునే చోటు, వలలు ఆరబెట్టుకునే చోటు సముద్రంలో కలిసిపోయాయి. ఇసుక ఉన్నచోట బండరాళ్లు వచ్చాయి. దక్షిణాన పేరుకున్న ఇసుకను తవ్వి ఉత్తరాన పోయాలని ఆ పథకంలోనే ఉన్నా, ఆ పని క్రమం తప్పకుండా జరగలేదు. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఆధ్వర్యంలో బీచి రోడ్డు ఎదుట నీటి అడుగున ఒక కట్ట కట్టాక గానీ అక్కడ కొంత ఇసుక తిరిగి కనబడలేదు.

ఇందులో ఏ ఒక్కరి దుర్బుద్ధినో వెతకనవసరం లేదు. రేవు కావాలనుకోవడం తప్పు కాదు. గీత గీసిన బల్లకూ, ఇసుక పోయిన ఒడ్డుకూ మధ్య ఉన్న దూరమే అసలు కారణం. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల పడవ ఏదీ ఆ ఒడ్డున లేదు. సంస్థల్లో జరిగే అన్యాయాల్లో అధికభాగం చెడ్డవాళ్లు చేసేవి కావు, దూరంగా ఉన్నవాళ్లు చేసేవి. కనుక మొదటి మెట్టు ఇది: నాయకుడి నీతికి పరీక్ష ఆయన మనసు ఎంత మంచిదన్నది కాదు. తన నిర్ణయం ఎవరి మీద పడుతుందో అక్కడిదాకా వెళ్లి చూసే ఏర్పాటు చేసుకున్నారా లేదా అన్నదే.

2. పని ముందు, మనిషి వెనుక

వెంకటస్వామి వైద్యం చదవడానికి కారణం సొంతవాళ్లలోనే ఉంది. బంధువుల ఇళ్లలో యువతులు కాన్పు సమయంలో చనిపోవడం చూసి, కాన్పుల వైద్యుడు కావాలనుకున్నారు. 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుని సైనిక వైద్య దళంలో చేరారు. ముప్పై ఏళ్ల వయసులో తీవ్రమైన కీళ్లవాతం పట్టుకుంది. నెలల తరబడి మంచం దిగలేదు. వేళ్లు వంకరపోయాయి. కాన్పుల వైద్యం చేసే అవకాశం అక్కడితో ముగిసింది. కంటి వైద్యం వైపు తిరిగి, కలం పట్టుకోవడానికే కష్టపడిన ఆ వేళ్లతో శస్త్రచికిత్స నేర్చుకున్నారు. 1956లో మధురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగం అధిపతి అయ్యారు. ఇరవై ఏళ్ల తర్వాత, యాభై ఎనిమిదో ఏట పదవీ విరమణ చేశారు. అప్పటికే 1973లో పద్మశ్రీ వచ్చింది. అంతటితో తృప్తిపడి ఇంట్లో కూర్చుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఆయన కళ్ల ముందు ఉన్నది మాత్రం శుక్లం పట్టి చూపు పోయిన పల్లెటూరి ముసలివాళ్లు. చిన్న శస్త్రచికిత్సతో చూపు తిరిగి వస్తుందని తెలియక, తెలిసినా వెళ్లే దారి లేక, గోడ పట్టుకుని నడిచేవాళ్లు. ఇంట్లో ఒకరి సాయం లేకుండా గంజి కూడా తాగలేనివాళ్లు. అనవసరంగా వచ్చిపడే ఈ అంధత్వాన్ని పోగొట్టడం ఒక్కటే పని అని ఆయన నిర్ణయించుకున్నారు. బ్యాంకులు అప్పు ఇవ్వడానికి ముందుకు రాలేదు. ఇల్లు తాకట్టు పెట్టారు, ఇంటి ఆడవాళ్ల నగలు కుదువకు వెళ్లాయి. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌స్వామి సహా కుటుంబమంతా ఆ పనిలోకి దిగింది.

సభలోని విద్యార్థులు ఇక్కడ ఒకటి గమనించాలి. నాయకత్వం మీద వచ్చే పుస్తకాలు చాలావరకు నాయకుడి లక్షణాల జాబితాతో మొదలవుతాయి: ధైర్యం, దూరదృష్టి, మాటకారితనం. అవి ఉన్నవాళ్లంతా మంచి నాయకులు కాలేదు. వెంకటస్వామి మాటకారి కారు. సభల్లో నెమ్మదిగా మాట్లాడేవారు, ఎక్కువసేపు వినేవారు. ఆయన బలం పనిని తనకంటే ముందు నిలబెట్టడంలో ఉంది. అమెరికాలో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం సేవకుడే నాయకుడని వాదించింది: ముందు సేవ చేయాలన్న కోరిక, ఆ తర్వాతే నడిపించాలన్న నిర్ణయం. ఆ వరుస తారుమారైతే పెద్దరికం పోయి పెత్తనం మిగులుతుంది.

3. సామర్థ్యం కూడా నీతే

మంచి ఉద్దేశంతో మొదలై, రెండేళ్లలో విరాళాల కోసం చేయి చాచి, మూడో ఏట మూతపడిన సంస్థలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. వాటిని నడిపినవాళ్లు మంచివాళ్లే. కానీ వాళ్ల మంచితనం రోగి దాకా చేరలేదు. అందుకే సామర్థ్యాన్ని నీతి నుంచి విడదీసి, వ్యాపారుల గుణంగా పక్కన పెట్టడం సరికాదు. వ్యర్థమైన ప్రతి గంటా, ప్రతి రూపాయీ ఎవరో ఒకరి చూపు.

అరవింద్‌లో శస్త్రచికిత్స గదిని చూస్తే ఈ మాట అర్థమవుతుంది. రెండు బల్లలు పక్కపక్కనే ఉంటాయి. ఒక బల్ల మీద రోగికి శుక్లం తీస్తుంటారు. పక్క బల్ల మీద ఇంకో రోగి అప్పటికే సిద్ధం. మత్తు ఇచ్చి, కన్ను శుభ్రం చేసి, చుట్టూ గుడ్డ కప్పి, పరికరాల పళ్లెం అమర్చి ఉంటుంది. మొదటి కన్ను పూర్తికాగానే వైద్యుడు సూక్ష్మదర్శినిని పక్క బల్ల మీదికి తిప్పి, రెండో కన్ను మొదలుపెడతారు. నర్సు చేయగల పని వైద్యుడు చేయరు. వైద్యుడు మాత్రమే చేయగల పని దగ్గర వైద్యుడు ఎదురుచూస్తూ కూర్చోరు. దేశంలో కంటి వైద్యుడి సగటు ఏడాదికి కొన్ని వందల శస్త్రచికిత్సల దగ్గర ఉంటే, అక్కడ ఒక్కో వైద్యుడు 2,000 దాకా చేయగలిగేది ఈ అమరిక వల్లే. హాంబర్గర్లు అమ్మే మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు ఎక్కడైనా ఒకే పద్ధతిలో, ఒకే నాణ్యతతో పనిచేయడం అమెరికాలో చూసి, కంటి వైద్యం కూడా అలా ఊరూరా ఎందుకు అందకూడదని వెంకటస్వామి అడిగేవారు.

ఆ పక్కన నిలబడి పనిచేసే నర్సులు పల్లెటూరి అమ్మాయిలు. పన్నెండో తరగతి అయ్యాక సంస్థే వాళ్లను ఎంచుకుని, రెండేళ్లు శిక్షణ ఇస్తుంది. చూపు పరీక్ష, లెన్స్ కొలత, శస్త్రచికిత్సలో సాయం, రోగికి ధైర్యం చెప్పడం అన్నీ వాళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి. సంస్థ సిబ్బందిలో ఎక్కువ భాగం వాళ్లే.

దీని వెనుక ఉన్న లెక్క చాలా తేలిక. పద్ధతి వల్ల ఒక్కో కంటికి అయ్యే ఖర్చు తగ్గుతుంది. డబ్బు ఇవ్వగలవాళ్లు ఇచ్చిన రుసుముతో ఇవ్వలేనివాళ్ల ఖర్చు కూడా గడుస్తుంది. మొదటి పదకొండు పడకల్లోనే కొన్ని డబ్బు ఇచ్చేవాళ్లవి, కొన్ని ఇవ్వలేనివాళ్లవి. ఇప్పటికీ సుమారు సగం శస్త్రచికిత్సలు ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో జరుగుతాయి. ఏ ద్వారం గుండా వెళ్లాలో రోగే తేల్చుకుంటారు. గదిలో తేడా ఉంటుంది, పడకలో తేడా ఉంటుంది. వైద్యులు మాత్రం రెండు వైపులా వంతులవారీగా పనిచేస్తారు. ఈ వంతుల పద్ధతి చిన్న విషయంగా కనబడుతుంది. పేదవాడి కన్ను నేర్చుకునేవాడికీ, ధనవంతుడి కన్ను నేర్చినవాడికీ పోకుండా ఆపేది అదే.

అయినా ఒక తేడా చాలా ఏళ్లు మిగిలిపోయింది. శుక్లం తీశాక కంట్లో అమర్చే లెన్స్ అప్పట్లో విదేశాల నుంచి రావాలి. ఒక్కోటి వంద డాలర్లకు పైమాటే. కొనగలిగినవాళ్లకు లెన్స్, కొనలేనివాళ్లకు సోడాబుడ్డి కళ్లద్దాలు. ఆ అద్దాలు పగిలినా పోయినా మళ్లీ చీకటే. ఉచితంగా చేస్తున్నాం కదా, అంతకంటే ఏం చేయగలం అని సరిపెట్టుకోవచ్చు. వెంకటస్వామి, ఆయన సహచరులు సరిపెట్టుకోలేదు. 1992లో మధురైలో ‘ఆరోల్యాబ్’ మొదలుపెట్టి, లెన్స్‌ను సొంతంగా తయారుచేయించారు. ధర పది డాలర్ల దరిదాపులకు దిగింది, ఆ తర్వాత ఇంకా తగ్గింది. ఇప్పుడు ఆ లెన్సులు వందకు పైగా దేశాలకు వెళ్తున్నాయి. తన సంస్థలోనే ఉన్న అసమానతను దాచకుండా చూడడం నీతి. దాన్ని తీర్చే ఫ్యాక్టరీ కట్టడం సామర్థ్యం. ఇక్కడ రెండూ ఒకే పని.

4. రానివాళ్లను లెక్కపెట్టడం

ఏ సంస్థ అయినా తన దగ్గరికి వచ్చినవాళ్లను లెక్కపెడుతుంది. ఎంతమంది రోగులు, ఎంతమంది విద్యార్థులు, ఎంతమంది ఖాతాదారులు. ఏడాది చివర ఆ అంకె పెరిగితే సంతోషిస్తుంది. పెద్దరికం ఉన్న నాయకుడు రెండో అంకె కూడా అడుగుతారు: రావలసి ఉండి రానివాళ్లు ఎంతమంది?

అరవింద్ కంటి శిబిరాల తొలినాళ్లలోనే ఈ ప్రశ్న ఎదురైంది. ఊరికి వెళ్లి పరీక్షించి, శస్త్రచికిత్స ఉచితం, వచ్చేయండి అంటే చాలామంది రాలేదు. ఎందుకని అడిగితే తెలిసింది: బస్సు ఛార్జీ లేదు. అన్నం ఎవరు పెడతారు? తోడు ఎవరొస్తారు? తోడు వచ్చినవాళ్ల కూలి పోతుంది కదా? ఉచితం అన్న మాట ఆసుపత్రి గడప లోపలే నిజం. గడప దాకా వచ్చే దారికి ఖర్చుంది. అప్పటి నుంచి శిబిరంలో శుక్లం ఉందని తేలినవాళ్లను ఆ రోజే బస్సులో ఎక్కించి తీసుకువెళ్లడం, భోజనం పెట్టడం, శస్త్రచికిత్స అయ్యాక తిరిగి ఊళ్లో దింపడం పద్ధతి అయ్యాయి. ఒకే ఊరివాళ్లు కలిసి వెళ్లి కలిసి రావడంతో భయం కూడా తగ్గింది.

అంత చేసినా సంస్థ తనను తాను మెచ్చుకుంటూ ఆగిపోలేదు. 1999లో అచ్చయిన ఒక అధ్యయనం శిబిరం జరిగిన పల్లెల్లో కంటి జబ్బున్నవాళ్లలో ఎంతమంది శిబిరానికి వచ్చారో ఇల్లిల్లూ తిరిగి లెక్కతీసింది. తేలిన అంకె సుమారు 7 శాతం. దశాబ్దాల సేవ తర్వాత, అవార్డుల తర్వాత, నూటికి ఏడుగురు. ఈ అంకెను సొరుగులో పెట్టి తాళం వేయడం సులువు. అరవింద్ వాళ్లు దాన్ని ప్రచురించారు, దాని మీద పని చేశారు. పల్లెలకు దగ్గరగా చిన్న చిన్న దృష్టి కేంద్రాలు తెరిచి, అక్కడి శిక్షితురాలు పరీక్షించిన కంటిని నగరంలోని వైద్యుడు తెర మీద చూసి సలహా ఇచ్చే ఏర్పాటు ఆ తర్వాత వచ్చిందే. తెలుగు నేల మీద, 1987లో హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా పల్లె నుంచి నగరం దాకా అంచెలంచెలుగా అల్లుకున్నది ఇటువంటి ఆలోచనతోనే.

సభలో బడిపంతుళ్లు ఉన్నారు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు, సహకార సంఘాల వాళ్లు ఉన్నారు. ప్రతి ఒక్కరి సంస్థకూ ఇటువంటి అంకె ఒకటి ఉంటుంది. దాన్ని వెతకడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే అది ఎప్పుడూ సిగ్గుపడేలాగే ఉంటుంది.

5. దానం ఒక గదిలో, లెక్క మరో గదిలో

ఇప్పుడు ఎదురు ఉదాహరణ. ఇది చెప్పుకోవడం తెలుగువాళ్లకు కష్టం, అయినా చెప్పుకోక తప్పదు.

1987లో హైదరాబాద్‌లో మొదలైన సత్యం కంప్యూటర్స్ ఇరవై ఏళ్లలో 50 వేలమందికి పైగా ఉద్యోగులున్న సంస్థ అయింది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో దాని వాటాలు అమ్ముడయ్యేవి. ఎంతోమంది తెలుగు యువకులకు అది తొలి జీతం ఇచ్చింది, తొలి విమానం ఎక్కించింది. దాని అధిపతి రామలింగరాజు దానశీలి కూడా. పల్లెల అభివృద్ధికి ఫౌండేషన్ పెట్టారు. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ వెనుక ఆయన చొరవ ఉంది. ఆ వాహనం వల్ల బతికినవాళ్లు నిజంగా బతికారు. 2008 సెప్టెంబరులో కంపెనీ పాలన బాగున్నందుకు సత్యంకు గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది.

అదే ఏడాది డిసెంబరు 16న ఆయన కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనాలని సత్యం బోర్డు నిర్ణయించింది. మదుపరులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు లేఖ రాసి, ఏళ్ల తరబడి లాభాలను పెంచి చూపామని ఒప్పుకున్నారు. పుస్తకాల్లో చూపిన సుమారు 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. మొదట చిన్నదిగా ఉన్న తేడా ఏటేటా పెరిగి, పూడ్చలేనంత అయింది. ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే పాత బోర్డును తొలగించి కొత్త బోర్డును వేసింది. ఏప్రిల్ నాటికి టెక్ మహీంద్రా ఆ కంపెనీని చేజిక్కించుకుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో సహా పదిమందిని దోషులుగా తేల్చి శిక్ష వేసింది. దాని మీద వాళ్లు అప్పీలుకు వెళ్లారు.

ఈ కథను కేవలం దురాశ కథగా చెప్పుకుంటే దాని పాఠం చేజారిపోతుంది. అందులో దానం ఉంది, సామర్థ్యం ఉంది, పురస్కారం ఉంది. లేనిది ఒక్కటే: ఆ మూడింటినీ లెక్కల పుస్తకంతో కలిపే తలుపు. మంచితనం ఫౌండేషన్ గదిలో ఉండిపోయింది, లెక్క మరో గదిలో రాసుకున్నారు. కంపెనీ లోపలి పనితీరులోకి రాని నీతి ఎంత పెద్దదైనా బయటి అలంకారమే. వెంకటస్వామి దానం కోసం వేరే సంస్థ పెట్టలేదు. డబ్బు ఇచ్చే రోగి, ఇవ్వని రోగి ఒకే సంస్థ కింద, ఒకే వైద్యుల చేతుల్లో, ఒకే లెక్కలో ఉన్నారు. ఈ రెండు ఉదాహరణల మధ్య తేడా మనుషుల మంచిచెడ్డల కంటే ఈ అమరికలోనే ఎక్కువ కనబడుతుంది.

6. చెడ్డ వార్తకు దారి

సత్యం లెక్కల్లోలా చిన్న తేడా ఏళ్ల తరబడి పెరగాలంటే దాన్ని చూసినవాళ్లు మాట్లాడకుండా ఉండాలి. ప్రతి సంస్థలోనూ మంచి వార్త మెట్లెక్కి పైకి పరుగెడుతుంది. చెడ్డ వార్త మొదటి మెట్టు మీదే కూర్చుంటుంది. పైన ఉన్నవాళ్లు ముఖం చిట్లిస్తారేమోనన్న భయం దాన్ని కదలనివ్వదు.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద అధ్యయనం చేశారు. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయన్నది ఆమె ఊహ. లెక్కలు తలకిందులుగా వచ్చాయి. మంచి నాయకత్వం ఉన్న జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తరచి చూస్తే, ఆ జట్లలో తప్పు జరిగితే చెప్పుకునే వీలుంది. మిగతాచోట్ల తప్పులు జరుగుతున్నాయి, కానీ కాగితం మీదికి రావడం లేదు. తప్పులు లేవని చెప్పే నివేదిక వచ్చినప్పుడు సంతోషించాలా, అనుమానించాలా అన్నది నాయకుడు నేర్చుకోవలసిన మొదటి చదువు.

చెడ్డ వార్తకు దారి వేయడం ఉపన్యాసాలతో జరగదు. తప్పు చెప్పినవాడికి మొదటిసారి ఏం జరిగిందో అందరూ చూస్తారు. రెండోసారి ఎవరైనా చెబుతారా లేదా అన్నది ఆ ఒక్క సంఘటనే తేలుస్తుంది. శస్త్రచికిత్స తర్వాత కంటికి ఇబ్బంది వస్తే దాన్ని నమోదు చేసి, కారణం వెతికి, పద్ధతి మార్చడం అరవింద్‌లో రోజువారీ పని. వైద్యుణ్ని అవమానించడానికి చేసే పని కాదది, తర్వాతి కన్ను కోసం చేసేది. సంఖ్య పెరిగినా నాణ్యత పడిపోకుండా ఉండడానికి కారణం ఇదే. ఈ నమోదు లేకుండా వేగం ఒక్కటే ఉంటే అది ప్రమాదకరమైన యంత్రం అయ్యేది.

న్యాయంగా చెప్పాలంటే ఇటువంటి సంస్థలకూ తీరని సమస్య ఒకటి ఉంది. బయట ఎక్కువ జీతం వచ్చే వైద్యుడు ఇక్కడ ఎక్కువ పని చేయాలి. శిక్షణ పొందినవాళ్లలో కొందరు వెళ్లిపోతారు. నాయకుడు తన త్యాగాన్ని కొలబద్దగా చేసి, అంత త్యాగం చేయనివాళ్లను తక్కువ చూస్తే అది కూడా పెత్తనమే. సేవ పేరు చెప్పి సిబ్బంది అలసటను లెక్కలోంచి తీసేయడం, లాభం పేరు చెప్పి తీసేయడం కంటే మెరుగు కాదు. వెంకటస్వామి తన ఆస్తిని తాకట్టు పెట్టుకోవచ్చు. ఇతరుల నిద్రను తాకట్టు పెట్టే హక్కు ఏ నాయకుడికీ లేదు. ఈ మాట సేవాసంస్థలు నడిపే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాలి.

7. తన తర్వాత

జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ వందేళ్ల క్రితమే ఒక మాట వివరించారు. గొప్ప వ్యక్తి ఆకర్షణతో మొదలైన ఉద్యమాలు ఆ వ్యక్తి పోగానే చెదిరిపోతాయి, లేదా ఆ ఆకర్షణను రోజువారీ పద్ధతిగా మార్చుకుని నిలుస్తాయి. నాయకుడి చివరి పరీక్ష ఇదే. పెత్తనం చేసేవాడికి తాను లేకపోతే ఏదీ కదలకపోవడం గర్వంగా ఉంటుంది. పెద్దరికం ఉన్నవాడికి అదే ఓటమి.

వెంకటస్వామి తన చేతులతో లక్షకు పైగా కళ్లకు శస్త్రచికిత్స చేశారు. చేయి నెమ్మదించాక బల్ల దగ్గర నుంచి లేచారు. పరిపాలనను తర్వాతి వాళ్లకు అప్పగించారు. 1992లో లయన్స్ క్లబ్బుల సాయంతో మధురైలో ఒక శిక్షణ సంస్థ నెలకొల్పి, తమ పద్ధతి మొత్తాన్ని ఇతర ఆసుపత్రులకు నేర్పడం మొదలుపెట్టారు. వ్యాపార రహస్యం అని దాచుకోవలసినదాన్ని అడిగినవాళ్లకల్లా చెప్పారు. మన పని చూపు తెప్పించడమైతే, ఆ పనిని ఇంకొకరు చేసినా మన పనే అయినట్టు. పోటీ అన్న మాటకు అక్కడ చోటు లేదు.

ఆ పద్ధతిని హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1993లోనే పాఠంగా చేర్చింది. 2003లో పుదుచ్చేరికి దక్షిణాన, కడలూరు రోడ్డులో, తవళకుప్పం దగ్గర అరవింద్ ఆసుపత్రి తెరుచుకుంది. ఈ పట్టణం ఇచ్చిన పేరు దాదాపు ముప్పై ఏళ్లు తిరిగి, ఆసుపత్రి అయి ఈ పట్టణానికే వచ్చింది. మూడేళ్ల తర్వాత, 2006 జులై 7న ఆయన కన్నుమూశారు. ఆసుపత్రులు మూతపడలేదు, తగ్గలేదు, పెరిగాయి. 2010లో సంస్థకు హిల్టన్ మానవతా పురస్కారం దక్కింది. ఆ పురస్కారం అందుకున్నది ఆయన లేని సంస్థ. అందుకే అది ఆయనకు దక్కిన అతి పెద్ద గౌరవం.

8. మొత్తం మీద

ఇంతవరకు వచ్చిన మెట్లను ఒక్కచోట చేరిస్తే ఇలా ఉంటుంది. సమర్థుడు, నీతిపరుడు అయిన నాయకుడు తన నిర్ణయం ఎవరి ఒడ్డును కోస్తుందో చూస్తాడు. పనిని తనకంటే ముందు ఉంచుతాడు. వ్యర్థాన్ని అన్యాయంగా లెక్కిస్తాడు. రానివాళ్లను వెతుకుతాడు. దానాన్నీ లెక్కనూ ఒకే గదిలో ఉంచుతాడు. చెడ్డ వార్త తెచ్చినవాణ్ని కాపాడుతాడు. తాను లేకున్నా ఇవన్నీ జరిగేలా చూసి వెళ్తాడు. వీటిలో ఏ ఒక్కటీ పుట్టుకతో వచ్చే గుణం కాదు. అన్నీ ఏర్పాటు చేసుకోగల పనులు. గుణం ఒక మనిషితో పోతుంది. ఏర్పాటు తర్వాతి మనిషి చేతికి అందుతుంది. మంచితనాన్ని పద్ధతిగా మార్చగలిగినవాడిదే పెద్దరికం.

ఈ సభలో ఉన్నవాళ్లలో చాలామంది రేపు ఏదో ఒక కుర్చీలో కూర్చుంటారు. బడిలో, బ్యాంకులో, సంఘంలో, కార్యాలయంలో. వాళ్లకు ఒకటే విన్నపం: కూర్చున్న మొదటి వారంలోనే, మీ బల్ల మీది సంతకం ఎవరి గుమ్మం దాకా వెళ్తుందో ఆ గుమ్మం దాకా ఒకసారి నడిచి వెళ్లండి. మిగతాది ఆ గుమ్మమే నేర్పుతుంది.

తవళకుప్పం ఇక్కడికి పది పదిహేను కిలోమీటర్ల లోపే. అక్కడ చూపు కోసం ఉచిత విభాగంలోకి వచ్చినవాళ్లను ఆదాయ ధ్రువపత్రం అడగరు. అడగకూడదన్నది ఆయన పెట్టిన పద్ధతి. ఆయన వెళ్లిపోయాక కూడా అది అలాగే ఉంది.